గుట్ట అవతలికి దించిన దారి

దెయ్యాలున్నాయని నేను ఏనాడూ అనుకోలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఉన్నాయని చెప్పబోవడం లేదు. నేను సర్వేయర్ని. పదిహేనేళ్లుగా భూములు కొలుస్తున్నాను. శ్మశానాల పక్కన కొలిచాను, పాడుబడ్డ బావుల చుట్టూ కొలిచాను, జనం అడుగుపెట్టడానికి జంకే తోటల్లో ఒంటరిగా క్యారేజీ విప్పుకుని అన్నం తిని, అక్కడే ఓ కునుకు తీశాను. నాకెప్పుడూ ఏమీ కనిపించలేదు, వినిపించలేదు. పరికరం ఏం చూపిస్తే అదే నాకు నిజం.

నన్ను ఇన్నాళ్లుగా తినేస్తున్నది కూడా ఒక కొలతే.

మాది తెనాలి వైపు. నాన్న ఉద్యోగం వల్ల హైదరాబాద్ వచ్చి, చివరికి మీర్‌పేటలో స్థిరపడ్డాం. మా వీధి మొదట్లో కిశోర్‌కి కళ్లద్దాల షాపు ఉండేది. వాళ్లదీ మా వైపే. నా అద్దాలు మార్పించుకోవడానికి వెళ్లినప్పుడు కౌంటర్ వెనక గోడకి వేలాడుతున్న సైకిల్ చూసి అడిగాను. లావు టైర్లు, ముందు స్ప్రింగులు, కొండల మీద తొక్కే రకం. ఆ మాటల్లోనే స్నేహం కుదిరింది. రెండు నెలల్లో నేనూ ఒకటి కొన్నాను.

ఆదివారం తెల్లవారుజామునే బయల్దేరేవాళ్లం. నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకుని బొంగులూరు దాటి, ఇబ్రహీంపట్నం దాటి, మంచాల వైపు గుట్టల్లోకి. నేరుగా రోడ్డు మీద తొక్కడం కిశోర్‌కి ఇష్టం ఉండేది కాదు. మేకలు, కట్టెలకెళ్లే ఆడవాళ్లు నడిచి నడిచి పడిన సన్న దారులుంటాయే, అవి వెతకాలి. ఎవరికీ తెలియనివైతే మరీ ఇష్టం. ఒక పొడవాటి నోటుబుక్కులో ఒక్కో దారినీ పెన్సిల్‌తో గీసుకునేవాడు. ఎక్కడ రాయి అడ్డం వస్తుందో, ఎక్కడ తుమ్మముల్లు టైరుకి గుచ్చుకుంటుందో అన్నీ.

ఆ రోజుల్లో ఆ నోటుబుక్కు నిండటం కన్నా ఖాళీ అవడమే ఎక్కువ. అవుటర్ రింగ్ రోడ్డు వచ్చాక ఊరు మా వెనకే పరుగెత్తుకొచ్చినట్టుండేది. ఒక వారం తొక్కిన దారికి మరుసటి నెల కంచె పడేది. ఇంకో దారి మొదట్లో కమాను కట్టి, రంగు జెండాలు పాతేవారు. ఇంకోచోట గుట్టనే సగానికి కోసి కంకర చేసేవారు. అలా పోయిన దారి మీద కిశోర్ ఒక గీత కొట్టి, పేజీ తిప్పేవాడు. ఆ ఇళ్లస్థలాల వెంచర్లలో కొన్నింటికి హద్దురాళ్లు పాతించింది నేనే. వాడికి తెలుసు. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

ఒకరోజు ఒక గుట్ట మీద కూర్చుని ఇడ్లీ తింటుంటే, ఎదురుగా ఉన్న గుట్ట మీద చెట్ల మధ్య ఎర్రటి సన్న గీత కనిపించింది. కింద మోదుగుల్లో మొదలై, పైన రెండు బండల మధ్యకి ఎక్కి అవతలికి పోతోంది. వాడు తినడం ఆపేసి చాలాసేపు అటే చూశాడు. తర్వాతి ఆదివారం అక్కడికే వెళ్లాం. మ్యాపు చూసుకోలేదు. చూసి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదేమో.

సీతాఫలాల కాలం. ముందురోజు జల్లు పడి నేల మెత్తగా ఉంది. ఉదయం ఏడు గంటలకి ఎక్కడం మొదలుపెట్టాం. కాసేపటికి మా ముందు ఒక పెద్దాయన కనిపించాడు. నెత్తికి తెల్ల రుమాలు, పాతకాలపు నల్ల సైకిల్, వెనక రెండు వైపులా పాలక్యాన్లు. తొందరేమీ లేకుండా తొక్కుతున్నాడు. మేం గేర్లన్నీ మార్చి, రొప్పుతూ ఎక్కుతున్నాం. ఎంత తొక్కినా ఆయనకీ మాకూ మధ్య దూరం తగ్గలేదు. కిశోర్ రెండుసార్లు కేక వేశాడు. ఆయన తిరిగి చూడలేదు. చెవుడేమో అనుకున్నాం.

బండల మధ్యకి వెళ్లాక ఆయన కనిపించలేదు. అక్కణ్నుంచి దారి చదునుగా, నున్నగా ఉంది. నాకు గుర్తున్నది ఒక్కటే. చప్పుడు ఆగిపోయింది. పిట్టలే కాదు, మా టైర్ల చప్పుడు కూడా. చేతుల్లో హ్యాండిల్ అదరడం లేదు. పక్కకి చూశాను, తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. ఒక నిమిషం కూడా పట్టలేదు. మళ్లీ కంకర కరకరలాడింది, దారి కిందికి దిగింది, తునికి చెట్ల మధ్య నుంచి ఒక ఊరి చివరికి వచ్చి పడ్డాం. కిశోర్ మొహం వెలిగిపోతోంది. అన్నేళ్లలో తొక్కినవాటిలో అంత మంచి దారి లేదన్నాడు.

వాడి టైరులో ముల్లు దిగింది. వాడు ట్యూబు విప్పుతుంటే, నేను నీళ్ల కోసం మొదటి ఇంటికి వెళ్లాను. ఆ ఊరి పేరు రాయను. అరుగు మీద అరవై దాటిన ఆవిడ కందులు చెరుగుతోంది. పేరు ఎల్లమ్మ అని తర్వాత తెలిసింది. ఎటు నుంచి వచ్చామని అడిగింది. గుట్ట దాటి వచ్చామన్నాను. ఆవిడ చేట కింద పెట్టింది.

"గుట్టకెళ్లి తొవ్వ ఏడిది బిడ్డా? కంకర క్రషరోళ్లు నడుమల కోసి ఏండ్లాయె. మా మామ ఉన్నప్పుడు గా తొవ్వలనే పాలు పోసెతందుకు పోతుండె. గిప్పుడు తొవ్వ లేదు, మామ లేడు."

నేను వాదించలేదు. పెద్దావిడ ఇంకేదో గుట్ట అనుకుంటోందనుకున్నాను. పాలక్యాన్ల మనిషి సంగతి ఆవిడకి చెప్పలేదు. ఆవిడ అన్నది కిశోర్‌కీ చెప్పలేదు. ట్యూబు అతికించుకుని తారు రోడ్డు మీదుగా ఇంటికొచ్చేశాం.

మేమిద్దరం ఫోన్లో ఒక యాప్ పెట్టుకునేవాళ్లం. తొక్కిన దారిని మ్యాపు మీద గీతగా గీసి, ఎక్కడ ఎంత ఎత్తులో ఉన్నామో చూపిస్తుంది. ఆ సాయంత్రం స్నానం చేసి వచ్చి దాన్ని ఉపగ్రహ చిత్రం మీద తెరిచాను. గీత మోదుగుల్లోంచి గుట్ట ఎక్కింది. అక్కడ ఒక క్వారీ గొయ్యి ఉంది. గుట్ట నడుముని నిలువునా తవ్వేసిన గొయ్యి, అడుగున పచ్చటి నీళ్లు. మా గీత ఆ గొయ్యి మీదుగా ఈ అంచు నుంచి ఆ అంచుకి నేరుగా పోయింది. ఎత్తు ఒక్క మీటరు తగ్గలేదు.

ఫోన్ లెక్క పది మీటర్లు అటూ ఇటూ తప్పవచ్చు. చెట్ల కింద ఇంకొంచెం తప్పవచ్చు. అది నా వృత్తి, నాకు తెలుసు. మరుసటి రోజు ఆ పక్కనే పని ఉంటే పరికరం తీసుకుని వెళ్లి గొయ్యి కొలిచాను. మేం దాటిన చోట వెడల్పు నూట ఎనభై మీటర్ల పైనే. పక్కకి తప్పుకుని వెళ్లే దారి లేదు. రెండు పక్కలా గోడలా కోసిన రాయి. ఇటువైపు అంచున ముళ్లకంచె, తుప్పు పట్టి ఉంది, ఎక్కడా తెగలేదు. ఇంకోసారి కొలిచాను. అదే అంకె వచ్చింది.

కిశోర్‌కి చెప్పాను. వాడు తన ఫోన్ కూడా తెరిచి చూశాడు. అదే గీత. భయపడతాడనుకున్నాను. వాడు ఆ గీతనే చూస్తూ, "దీనికి కంచె వెయ్యలేరు కదరా వాసూ" అన్నాడు. నోటుబుక్కు తీసి కొత్త పేజీలో గీయడం మొదలుపెట్టాడు. గొయ్యి గీయలేదు.

ఆ తర్వాత ఇద్దరం మూడుసార్లు వెళ్లాం. మూడుసార్లూ బండల అవతల కంచె, కంచె అవతల గొయ్యి. పెద్దాయన కనిపించలేదు. నాకు అదే చాలనిపించింది. వాడికి చాల్లేదు. షాపు తాళాలు భార్య లావణ్యకిచ్చి, మామూలు రోజుల్లో కూడా వెళ్లడం మొదలుపెట్టాడు. నేను వద్దని గట్టిగా చెప్పానా అంటే, లేదు. ఒకటి రెండుసార్లు అన్నానంతే. నన్ను రమ్మంటాడేమోనన్న భయమే నాకు ఎక్కువ.

కార్తీకంలో ఒక ఆదివారం ఉదయం ఐదింటికి ఫోన్ చేశాడు. రాత్రి వాన పడింది, మంచు పట్టింది, ఇవాళ దొరుకుతుందనిపిస్తోంది, వస్తావా అన్నాడు. జ్వరంగా ఉందన్నాను. నాకు జ్వరం లేదు. లేచి కాఫీ తాగుతున్నాను.

"సరే, పడుకో. చూసొచ్చి చెప్తా," అన్నాడు.

ఏడున్నరకి మెసేజ్ వచ్చింది. దారి దొరికింది, కంచె కూడా లేదు, బాగా కనిపిస్తోంది అని. చూశాను. జ్వరమని చెప్పాను కాబట్టి నిద్రపోతున్నట్టే ఊరుకున్నాను. చూసిన వెంటనే ఫోన్ చేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు.

పది దాటినా వాడు షాపుకి రాలేదని లావణ్య నాకు ఫోన్ చేసింది. వాడి ఫోన్ స్విచాఫ్. పన్నెండు గంటలకి నేను గుట్ట మీద ఉన్నాను. తడి మట్టిలో టైరు గుర్తు అచ్చు వేసినట్టుంది. మేమిద్దరం ఒకే రోజు ఒకే రకం టైర్లు కొన్నాం, ఆ గుర్తు నాకు తెలుసు. అది బండల మధ్య నుంచి నేరుగా కంచె దగ్గరికి వచ్చి, తీగల కిందుగా అవతలికి పోయింది. తీగ తెగలేదు, వంగలేదు. సైకిల్ ఎత్తి దాటించడానికి దిగిన మనిషి కాలిగుర్తు ఒక్కటీ లేదు. గొయ్యి అంచు దాకా గుర్తు అలాగే సాగింది. బ్రేకు పట్టిన జాడ లేదు.

పోలీసులు వచ్చారు. గజ ఈతగాళ్లు రెండు రోజులు దిగారు. ఆ తర్వాత క్రషర్ వాళ్ల మోటార్లు పెట్టి నీళ్లన్నీ తోడారు. అడుగున బురద, రాళ్లు, ఒక లారీ టైరు. కిశోర్ లేడు. సైకిల్ లేదు. హెల్మెట్ కూడా లేదు.

ఈ ఒక్కటీ నేను ఒట్టు వేసి చెప్పగలను. వెతుకులాట మొదటి రోజు సాయంత్రం తారు రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి అవతలి అంచుకి వెళ్లాను. అక్కడ కూడా అదే టైరు గుర్తు ఉంది. గొయ్యి అంచున మొదలై, ఊరి వైపు ముప్పై అడుగులు దిగి, పరుపుబండ మీదికి ఎక్కి మాయమైంది. పోలీసాయన్ని తీసుకొచ్చి చూపించాను. ఇంకో రోజు తొక్కినప్పటిది అయి ఉంటుందన్నాడు. వాన పడింది ఆ ముందు రాత్రే అని చెప్పాను. ఆయన టోపీ తీసి తల తుడుచుకుని, కాగితంలో అది రాయకుండా వెళ్లిపోయాడు.

ఎల్లమ్మ ఇంటికి వెళ్లి అడిగాను.

"ఎవ్వలు రాలె బిడ్డా. పొద్దుగాల్నుంచి గీడనే కూసున్న. వస్తె నీళ్లియ్యనా?"

లావణ్య తిరగని చోటు లేదు. ఏడేళ్లు దాటితే గానీ పోయినట్టు కాగితం ఇవ్వరన్నారు. ఆమె అత్తగారి వైపు వాళ్లు కర్మ చేసేద్దామని ఒకసారి, వద్దని ఒకసారి అంటారు. ఆమె ఏ మాటకీ ఎదురు చెప్పదు. కళ్లద్దాలు బిగించడం నేర్చుకుని షాపు తనే నడుపుతోంది. ఎవరైనా సైకిల్ మీద షాపు ముందు ఆగితే, చేతిలో పని ఆపి తలెత్తి చూస్తుంది. నేను అటు వెళ్లడం తగ్గించాను.

రెండేళ్లకి క్రషర్ వాళ్లు మిగిలిన గుట్ట కూడా కోసేశారు. బండలు, మోదుగులు, అవతలి పరుపుబండ, అన్నీ పోయాయి. ఇప్పుడక్కడ నిలబడితే ఆ చివర ఊరు నేరుగా కనిపిస్తుంది. వెతకాలన్నా వెతకడానికి చోటు లేదు.

కిందటి నెల అద్దం పగిలి షాపుకి వెళ్లక తప్పలేదు. లావణ్య ఫ్రేము తీసుకుని, స్క్రూ బిగిస్తూ, తల ఎత్తకుండా అడిగింది. "ఆ రోజు మీకు నిజంగానే జ్వరం వచ్చిందా అన్నయ్యా?"

ఆ రోజు ఆ గుట్ట మీద ఏం జరిగిందో, మొదటిసారి మా ఇద్దర్నీ అవతలికి దించిన దారి రెండోసారి వాణ్ని ఎక్కడ దించిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. ఎవరైనా వివరం చెబితే వినాలనే ఉంది. కానీ లావణ్య అడిగినదానికి నా దగ్గర జవాబుంది. వచ్చిందమ్మా, బాగా వచ్చింది అని చెప్పి, అద్దాలు పెట్టుకుని బయటికి వచ్చేశాను.