మా అన్న గంజి తాగిపోయిన ఇల్లు

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. మాది ఆదోనిలో ఎండుచేపల అంగడి. సరుకు కోసం తిరుగుతా లారీల్లో పడుకున్నా, రేవు పక్కన ఖాళీ పాకల్లో పడుకున్నా. యాడా నాకేమీ కనపడలేదు. ఎవరన్నా అట్లాంటి కత ఎత్తుకుంటే నవ్వి లేచిపోయేవాణ్ణి. ఇప్పుడు నేనే చెప్తాండా. నవ్వేవాళ్ళు నవ్వండి.

సరుకు మాకు శ్రీకాకుళం పక్క నుంచి వస్తుంది. నాగావళి, వంశధార సముద్రంలో కలిసే చోట్ల చిన్న చిన్న జాలర్ల ఊళ్ళున్నాయి. వానలు పోయినాక నేనూ మా అన్న రసూలూ ఆ ఊళ్ళన్నీ తిరిగి, చేప ఎండిన తీరు చూసి, మాట్లాడుకొని వచ్చేవాళ్ళం. నీళ్ళకు మొగం వాచిన సీమలో పుట్టినోళ్ళం గదా, ఆ ఏరు చూస్తే అన్నకు ఇంటికి రాబుద్దయ్యేది కాదు.

అట్లా ఒక ఊర్లో నూకాలును ఇష్టపడినాడు. ఊరి పేరు రాయను, ఆమె ఇంకా ఆడనే ఉంది. ఆమె మొగుడు వేటకు పోయి సముద్రంలోనే పోయినాడు. ఇసకలో చేపలు ఎండబెట్టుకొని బతుకుతుంది. ఆమెను నిఖా చేసుకుంటానని అన్న ఇంట్లో చెప్పినాడు.

"ఆ యమ్మి ఈ గడప తొక్కితే నేను బావిలో పడతా" అనింది మాయమ్మ.

అన్న ఎదురు చెప్పలేదు. ఇంకెవరినీ చేసుకోనూ లేదు.

పోయిన ఏడు అన్నకు కడుపులో గడ్డ లేచింది. కర్నూల్లో ఆపరేషన్ చేసినారు. కోత పక్కటెముకల కింద అడ్డంగా, ఈ పక్క నుంచి ఆ పక్కకు. ఇంటికి తెచ్చినాక మంచం దిగింది లేదు. నూకాలుతో మాట్లాడతాడని, ఆస్పత్రికి పోకముందే అమ్మ వాని ఫోను తీసి బీరువాలో పెట్టింది. అమ్మ చెంచాతో గంజి పోస్తే పళ్ళు బిగబట్టుకొని మొగం గోడ పక్కకు తిప్పుకునేవాడు. నన్ను మాత్రం ఒకటే అడిగినాడు. "నేను పోతే ఆమెకు నువ్వే పోయి చెప్పురా. ఫోన్లో వద్దు."

పోయినాడు. ఆఖరి స్నానం నేనే చేయించినా. గుంతలోకి దించింది కూడా నేనే. పొరపాటు పడేదానికి ఏమీ లేదని చెప్పేందుకే ఇదంతా రాస్తాండా.

అన్న పోయిన మూడు నెల్లకు, వానలు తగ్గినాక, ఒక్కణ్ణే బయల్దేరినా. ఆ ఊరికి ఏరు దాటి పోవాల. ఎండ బాగా కాస్తాంది. పడవ నడిపే ముసలాయన మమ్మల్ని ఎప్పటినుంచో ఎరుగును.

"మీ అన్నియ్యని మొన్న దాటించినాను బాబూ. మరి ఇటు రానేదు. ఆడే ఉండిపోనాడేటి?" అన్నాడు.

ముసలి కళ్ళు, ఎవరినో చూసింటాడులే అనుకున్నా.

నూకాలు ఇంటి ముందర చేపలు తిరగేస్తా ఉండింది. నన్ను చూసి నవ్వింది. నేను నోరు తెరవకముందే తానే అందుకుంది.

"నువ్వేటి సెప్పడానికొచ్చినావో నాకు తెలుసు. మా తమ్ముడొచ్చి నేను సచ్చిపోనానంటాడు, నమ్మకు అని మీ అన్న సెప్పినాడు."

అరుగు మీద కూలబడినా.

ఆమె మామూలుగానే చెప్పుకుంటా పోయింది. మొన్న మధ్యాన్నం వచ్చినాడంట. బాగా చిక్కిపోయినాడంట. అన్నం పెడతానంటే అరగదన్నాడంట. గంజి కాస్తే ఇంకొంచెం పొయ్యమని అడిగి మరీ తాగినాడంట. చొక్కా ఎత్తి కుట్లు చూపించినాడంట. నిన్న సందేళ, ఊరికెళ్ళొస్తానని చెప్పి పోయినాడంట.

"ఇదిగో, ఇటు నుంచి ఇటు" అని తన కడుపు మీద వేలితో గీసి చూపించింది. పక్కటెముకల కింద. అడ్డంగా.

అన్నకు ఆపరేషన్ అయిన సంగతే ఆ ఊర్లో ఎవరికీ తెలీదు.

"వదినా, ఈ చేతులతో మన్నేసినా" అన్నా. ఆ మాటతో నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె మొగంలో నవ్వు పోయింది. "మీయమ్మ పంపినాదా నిన్ను? బతికున్నోణ్ణి సంపీసి నన్ను ఒదిలించుకుందామనా? ఎల్లు. మరి మా గుమ్మం తొక్కకు."

ఎంత చెప్పినా వినలేదు. ఈ రోజుకీ నమ్మలేదని తెలిసింది. అన్న వస్తాడని చూస్తానే ఉందంట.

తిరిగి దాటేటప్పుడు పడవాయన్ను గట్టిగా అడిగినా, నిజంగా మా అన్నేనా అని. "మీ సీమ మాట మాటాడీవోడు ఈ ఊరికి మరెవుడొస్తాడు బాబూ?" అన్నాడు. అబద్ధం చెప్తే వాళ్ళకేం వస్తుంది? చెప్పినా, ఆ కుట్లు ఆమెకెట్ల తెలిసినాయి? రైల్లో దారి పొడుగునా ఇదే ఆలోచన. ఏమీ తేలలేదు.

సరుకు లేకుండా వచ్చినానని అమ్మ నిలదీసింది. దాచలేక అంతా చెప్పినా. కొట్టిపారేస్తుందనుకున్నా. ఆ మనిషి వాకిలి ఇడుపుకు ఆనుకొనింది.

"వాడు పోయినప్పటి నుంచి వాకిలికి గొళ్ళెం పెట్టకుండా పడుకుంటాండా రా" అనింది. "అంత దూరం దారి దొరికింది. మనిల్లు తెలీదా వానికి?"