దులాచా వదిలేసిన పిట్ట

దులాచా రోజూ తెల్లవారగానే దొడ్డికి అడ్డం పెట్టిన ముళ్ళకంప పక్కకు లాగి, బయటికొచ్చే ప్రతి ఆవు వీపు మీదా చెయ్యి వేసేవాడు. "బూడిదరంగుదానా, పద. మచ్చలదానా, పద. విరిగిన కొమ్ముదానా, నువ్వూ పదవే" అంటూ పేరుపేరునా సాగనంపేవాడు. ఏదైనా వెనకబడితే ఇట్టే తెలిసిపోయేది. అంకె మాత్రం ఆ నోట ఏనాడూ రాలేదు. పైనున్న దేవుడు వాఖ ఇచ్చిన ప్రాణాలను లెక్కపెడితే దిష్టి తగులుతుంది. తండ్రి లెక్కపెట్టలేదు, తాతా లెక్కపెట్టలేదు.

అలాంటి మనిషికి లెక్కపెట్టే పనే దొరికింది. ఊరి పక్క లిబెన్ మైదానంలో కంచె వేసి కాపాడుతున్న గడ్డినేలలో ఓ గోధుమవన్నె పిట్ట ఉంది. వానలు పడ్డాక మగపిట్ట పొద్దున్నే గడ్డిలోంచి నిలువునా లేచి, గాలిలో నిలబడి పాడి, రాయిలా కిందికి దిగుతుంది. అలా ఎన్ని లేచాయో చూసి హిరుత్‌కు చెప్పాలి. హవాసా పట్నం నుంచి ఏటా పిట్టల లెక్క రాసుకునే పుస్తకం పట్టుకుని వచ్చే అమ్మాయి ఆమె. దులాచా చూసినవాటిలో ఒకటి తగ్గించి చెప్పేవాడు. అంకె తప్పితే దిష్టి కూడా దారి తప్పుతుందని ఆయన ధైర్యం. తొమ్మిది లేస్తే ఎనిమిదన్నాడు, ఆరు లేస్తే ఐదన్నాడు. ఆరేళ్ళుగా అదే వరస.

ఈ ఏడాది పది పొద్దులు తిరిగాడు. లేచింది ఒక్కటే.

ఎల్లుండి పెద్దల సభ. పిట్ట ఉంటే కంచె ఉంటుంది. లేదంటే కంచె తీసేసి మొక్కజొన్నకు దున్నేస్తారు. హిరుత్ ఈ పూటే వస్తోంది.

దులాచా కూర్చున్నాడు, లేచాడు. చెప్పులు తొడిగాడు, విప్పాడు. గుడిసె చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ కూర్చున్నాడు. పాల టీ మీద మీగడ కట్టింది.

"కాళ్ళల్లో చీమలు దూరాయా ఏం?" అంది భార్య లోకో. హిరుత్ కోసం పాలు వేరే సొరకాయ బుర్రలో తీసి పెడుతోంది. "ఆవులే నయం, ఒకచోట నిలబడి నెమరేస్తాయి."

"ఒకటి తగ్గిస్తే ఏం మిగులుతుందే?"

"అయితే రెండని చెప్పు. ఒకటి నీ వాఖకి, ఒకటి ఆ పిల్లకి."

"ఉన్నది తగ్గించి చెప్పడం దిష్టి తియ్యడం. లేనిది ఉందనడం అబద్ధం."

"పోనీ, ఉన్నది ఉన్నట్టే చెప్పు!"

"మీ అన్న దూడల్ని లెక్కపెట్టాడు. ఏమైంది?"

"ఆ ఏడు కరువొచ్చింది. లెక్కపెట్టనివాళ్ళ దూడలు మాత్రం బతికాయా?"

దులాచా మళ్ళీ లేచాడు.

హిరుత్ రానే వచ్చింది. మనుషులు క్షేమమా, మంద క్షేమమా, వాన క్షేమమా అని తీరిగ్గా అడిగింది. లోకో ఇచ్చిన పాలు తాగి, బుర్రను రెండు చేతులతో తిరిగి అందించింది. అప్పుడు పుస్తకం తెరిచింది.

"చెప్పు తాతా, ఈసారి ఎన్ని?"

దులాచా నేలకేసి చూస్తూ ఆరేళ్ళ సంగతీ చెప్పేశాడు. హిరుత్ కలం ఆగిపోయింది.

"ఇన్నేళ్ళ కాగితాలూ తప్పేనా? ఎంత పని చేశావు తాతా!"

"ఒక్కొక్కటే కదమ్మా తప్పు."

"ఎప్పుడూ ఒకటేనా? ఒట్టు?"

"వాఖ మీద ఒట్టు. ఎప్పుడూ ఒకటే."

ఆ పిల్లకు కోపం వచ్చింది. అయినా పాత పేజీలు తిప్పి, ప్రతి అంకె పక్కనా ఒక్కో గీత పెట్టింది.

"సరే, ఇవి దిద్దుకోవచ్చు. మరి ఈ ఏడాది?"

దులాచా లేచి వాకిట్లోకి వెళ్ళాడు, వచ్చాడు. ఆఖరికి చేతికర్ర మీద బరువు ఆన్చి నిలబడ్డాడు.

"అమ్మా, నాకో సాయం చేసిపెట్టు. రేపు పొద్దున్నే నాతో రా. నేను నోరు మెదపను. లేచినచోటికి ఈ కర్ర చూపిస్తా. నీ కళ్ళతో నువ్వే చూసి, సభలో నీ నోటితో నువ్వే చెప్పు. రేపు లేవకపోతే ఎల్లుండి పొద్దున కూడా రా, సభ మొదలయ్యే లోపే వెళ్ళొద్దాం."

హిరుత్ ఆయన ముఖంలోకి చూసి తలూపింది.

"ఇంకొక్కటి తల్లీ," అన్నాడు దులాచా. "చెప్పేటప్పుడు కాస్త మెల్లిగా చెప్పమ్మా. దిష్టికి వినపడకుండా."