సొరపన్ను కోసం బుఢాబలంగ ఒడ్డుకు

2025 మే 17, శనివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. విశాఖపట్నం ద్వారకా నగర్‌లో బస్ కాంప్లెక్సు వెనక సందులో ఉన్న జిరాక్స్ దుకాణంలో, పదహారు సొరపళ్ల బొమ్మలున్న కాగితాన్ని రంగుల్లో తీయించుకుంటూ ఈ ప్రయాణం మొదలుపెట్టాను. దుకాణదారు కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఏటమ్మా ఇవి? పళ్ల డాక్టరు కోర్సా?"

"కాదండీ. సొరచేపల పళ్లు. భూమిలో ఉండి ఉండి రాయిగా మారినవి."

"సేపల పళ్లకి కూడా కాలేజీ ఉందన్నమాట! లేమినేషన్ సేయించుకోమ్మా, తడిసిపోద్ది."

చేయించుకున్నాను. నదికి వెళ్లదలచినవారికి నేను కూడా అదే సలహా ఇస్తాను.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఇప్పుడు భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ప్రాజెక్టుకు శిలాజాలైన సొరపళ్లను ఎంచుకుంటానని అడిగినప్పుడు మా మేడమ్ కాదనలేదు, అవునని కూడా అనలేదు. "పుస్తకం చూసి రాస్తే ఒప్పుకోరు. మే ఇరవై ఒకటి, బుధవారం ప్రాజెక్టుల కమిటీ కూర్చునేలోగా నువ్వే ఒక పన్ను తీసుకురా. ఎక్కడ దొరికింది, ఏ పొరలో దొరికింది, ఏ చేపది, ఈ మూడూ చెప్పగలగాలి" అన్నారు. చెప్పలేకపోతే మిగతావారితో పాటు బోరునీళ్ల నమూనాలు తీయడమే నా పని. నాకు ఆ పని వద్దు.

ఒడిశాలోని బరిపద దగ్గర, ముకుర్ముడా అనే ఊరి పక్కన, బుఢాబలంగ నది ఒడ్డును కోసినచోట అలాంటి పళ్లు బయటపడతాయని చదివాను. వానలు మొదలైతే ఆ ఒడ్డు నీటిలో మునుగుతుంది. కాబట్టి మే నెల దాటకూడదు. ఒడ్డును తవ్వకూడదనీ, నీరు కడిగి వదిలిన కంకరలో పైకి కనిపించేవే తీసుకోవాలనీ, దొరికినవన్నీ డిపార్టుమెంటుకు అప్పగించాలనీ మేడమ్ షరతులు పెట్టి ఉత్తరం రాసి ఇచ్చారు. తోడు వస్తానన్న స్నేహితురాలు ఇంట్లో ఒప్పుకోలేదని ఆగిపోయింది. అప్పుడు అమ్మ ముందుకొచ్చింది.

"వేట బంద్ కదే. ఇంట్లో కూకుని నాను సేసేదేటుంది? నానొత్తాను."

మా అమ్మది తగరపువలస దగ్గర వ్యవసాయ కుటుంబం. పెళ్లయి వన్‌టౌన్‌కు వచ్చాక ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కోసే పనిలో చేరింది. ఇరవై రెండేళ్లుగా పెద్ద చేపలు, అందులోనూ సొరలు, ఆమె కత్తిపీట దగ్గరికే వస్తాయి. ఏటా ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు మరపడవలు సముద్రంలోకి వెళ్లకూడదు కనుక ఆ రోజుల్లో ఆమెకు పని ఉండదు. ఇంతకాలంలో నేను హార్బర్ లోపలికి అడుగుపెట్టింది లేదు. ఆరో తరగతిలో ఒకసారి అన్నం క్యారేజీ పట్టుకుని వెళ్తే, గేటు దగ్గరే అందుకుని వెనక్కి పంపేసింది. "ఈ వాసన ఒకరికి సాలు. నువ్వు సదువుకో" అన్నది. ఆ మాట నేను దాటలేదు.

బరిపదకు బాలాసోర్‌లో దిగి వెళ్లాలి కనుక రాత్రి ఏడున్నరకు హౌరా వైపు వెళ్లే రైలెక్కాము. స్లీపర్ టికెట్లు మూడు వారాల ముందే తీసుకున్నాను. ఎండాకాలంలో ఇంతకంటే ఆలస్యం చేయకూడదు. అమ్మ చపాతీలు, టమాటా పచ్చడి తెచ్చింది. ఎదురు సీటులో స్టీల్‌ప్లాంటు ఉద్యోగి ఒకాయన, పలాసలో దిగవలసినవాడు, నా కాగితం చూసి విషయం అడిగి తెలుసుకున్నాడు.

"సొర పళ్ల కోసం బాలాసోరా! మన హార్బర్‌లో దొరకవేటమ్మా?"

నేను జవాబు కూర్చుకునేలోగా అమ్మ అందుకుంది. "అయ్యి పచ్చివి బాబూ. దీనికి రాయైపోయినవే కావాలంట."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ ప్రశ్న సరైన ప్రశ్న అని అప్పటికి నాకు తెలియదు.

ఆదివారం ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు బాలాసోర్‌లో దిగాము. స్టేషన్ బయట టీ తాగి, ఏడు గంటల బస్సు పట్టుకుని, ఎనిమిదిన్నరకు బరిపద చేరాము. అక్కడి హోటళ్లలో ఉప్మాలో బఠాణీల కూర కలిపి ఇస్తారు. అమ్మ రెండూ విడివిడిగా పెట్టించుకున్నది. మమ్మల్ని ముకుర్ముడాకు తీసుకువెళ్లిన ఆటో డ్రైవరు గాజువాకలో నాలుగేళ్లు వెల్డింగు పని చేసి వచ్చినవాడు కావడం మా అదృష్టం.

"ఎండ ఎక్కువ ఉంటాది. ఒంటిగంట దాటి ఉండొద్దు" అని తెలుగులోనే హెచ్చరించి, తిరిగి తీసుకెళ్లడానికి ఒడ్డుపైన చెట్టు కింద ఆగాడు.

తొమ్మిదీ నలభైకి పని మొదలుపెట్టాను. బూడిద రంగు బంకమట్టి మీద పసుపుపచ్చని గట్టి పొర, ఒడ్డు అడుగున నీరు కడిగి వదిలిన కంకర. కంకరను జల్లెడలో పోసి నీటిలో ముంచి, మిగిలినదాన్ని ఒక్కొక్కటిగా కాగితంలోని బొమ్మలతో పోల్చాను. నాకు కావలసినవి వెడల్పుగా, మూడు మూలలుగా, అంచున రంపపు పళ్లున్నవి. గవ్వముక్కలు వచ్చాయి. సన్నగా, వంపు తిరిగి, గోనెసంచి కుట్టే దబ్బనంలా ఉన్న ముక్కలు వచ్చాయి. చేపముళ్లనుకుని పక్కన పారేశాను. పన్నెండున్నర అయింది. ఒక్క పన్నూ లేదు. బాలాసోర్ నుంచి తిరుగు రైలు ఆ సాయంత్రమే. మరొకసారి రావడానికి వ్యవధి లేదు. బోరునీళ్ల సీసాలు కళ్ల ముందు కనిపించసాగాయి.

అమ్మ నా వెనక కూర్చుని, నేను పారేసిన కుప్పలోంచి ఒక ముక్కను చీర కొంగు వేళ్లకు చుట్టుకుని పైకి తీసింది.

"ఇయ్యెందుకు పారేత్తన్నావే?"

"ముళ్లమ్మా అవి. నా కాగితంలో లేవు."

"ముల్లేటే గుంటా! పన్ను. కింద పన్ను. నీ కాగితం నిండా పై పళ్లే ఉన్నాయి."

"ఒకే చేపకు రెండు రకాలా?"

"కొన్ని సొరలకంతే. పైవి కోత్తాయి, కిందవి పట్టుకుంటాయి." ఎడమచేతి బొటనవేలు చూపించింది. గుండ్రటి పాత మచ్చ. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఏనాడూ అడగలేదు. "ఇది కింద పన్నే. తలకాయ కోసి పక్కనెట్టేక గుచ్చింది."

నేను ఆ కుప్ప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. ఏడు దొరికాయి. ఏడింటికీ అడుగున రెండుగా చీలిన వేరు ఉంది. ముల్లుకు అది ఉండదు. అవి ఎక్కువగా వచ్చిన చోటును, దానికి పైనున్న పొరను నోటుపుస్తకంలో గుర్తుపెట్టి, అక్కడి కంకరనే మళ్లీ కడిగాను. ఒంటిగంటకు అయిదు నిమిషాల ముందు, జల్లెడ మూలలో, నల్లగా మెరుస్తూ, వెడల్పాటి పన్ను కనిపించింది. ఆత్రంగా చేత్తో పట్టుకున్నాను. చూపుడు వేలు తెగింది.

"సెప్పేనా?" అమ్మ కొంగుతో నా వేలు నొక్కిపట్టింది. "సొర నోట్లోది ఒట్టి సేత్తో ముట్టుకోకూడదు. సచ్చినా కరుస్తాది."

"అమ్మా, ఇది చచ్చి కోటి ఏళ్లు దాటింది."

"అయితే ఏటి? నీకు తగిలిందా నేదా? ఇప్పుడు సూదేయించుకోడానికెళ్తే డాక్టరుకి ఏటని సెప్తాం?"

ఒడ్డుపైన డ్రైవరు పగలబడి నవ్వాడు. బరిపదలో సూది వేయించుకున్నాను. తుప్పు రేకు అని చెప్పాను.

సాయంత్రం రైలులో నోటుపుస్తకం మొదటి నుంచి తిరగేశాను. మూడు వారాలు ప్రణాళిక వేసుకున్నాను. రైళ్లు, బస్సులు, నది నీటిమట్టం, జల్లెడ కన్నాల కొలత, అన్నీ రాసుకున్నాను. సొర నోరు ఎలా ఉంటుందో మాత్రం చూసి ఉండలేదు. చూడవలసిన చోటు మా ఇంటి నుంచి అరగంట నడక.

సోమవారం ఉదయం విజయనగరం దాటాక అడిగాను. "అమ్మా, వేట మొదలయ్యాక నన్ను హార్బర్‌కు తీసుకెళ్తావా? పళ్లన్నీ వరసగా దవడలో ఉండగా చూడాలి."

అమ్మ చపాతీల డబ్బా సంచిలో పెట్టి మూతి బిగించింది.

"నిన్ను అక్కడికి రానియ్యకూడదనే కదే ఇంత సేసేను."

"కోయడానికి కాదమ్మా. చూడడానికి."

"సూత్తే ఏటి తెలుత్తాది? సేత్తో పట్టుకోవాలి." తెగిన నా వేలు తిప్పి చూసింది. "గ్లౌజులు కొనుక్కో. మందంవి."

ఏడు గంటలకు విశాఖపట్నంలో దిగాము. ముకుర్ముడా వెళ్లేవారికి నేను చెప్పగలిగినది ఇంతే: ఒక్క పగలు చాలు, దారి కష్టం కాదు, మనుషులు మంచివారు. బయలుదేరే ముందు మాత్రం ఇప్పటి సొర దవడ ఒకటి దగ్గరగా చూసి వెళ్లండి.

బుధవారం కమిటీ ముందు ఎనిమిది పళ్లనూ పెట్టాను. మేడమ్ తన దగ్గరున్న పుస్తకంతో సరిచూసి, వెడల్పుదీ సన్ననివీ ఒకే రకం సొర పై, కింది పళ్లేనని చెప్పారు. నా ప్రాజెక్టుకు అనుమతి వచ్చింది. పడవలు మళ్లీ సముద్రంలోకి వెళ్లి వచ్చినప్పటి నుంచి, వారానికి మూడు రోజులు, తెల్లవారకముందే అమ్మా నేనూ ఒకే ఆటోలో హార్బర్‌కు వెళ్తున్నాము. ఆమె సొర తల వేరు చేసి నా వైపు జరుపుతుంది. నేను దవడ తెరిచి, పళ్లు లెక్కపెట్టి, బొమ్మ గీసుకుంటాను.