దగ్గు గదిలో రెండు మంచాలు

ఈ ఉదయం శిరివెళ్ల దాటగానే కారు వెనక సీటులోంచి దగ్గు మొదలైంది. కాసేపు ఎండు కందికట్టె విరిచినట్టు పొడిగా, కాసేపు బోరులో నీళ్లు ఆగి ఆగి వచ్చినట్టు తడిగా. ఆళ్లగడ్డ నుంచి భార్యను నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోతున్న కిరాణా శెట్టిగారు అద్దం పైకెత్తబోయాడు. నేను నాలుగద్దాలూ దించేశాను. "చలికి సంపుతావా ఏందప్పా?" అన్నాడాయన. "చలి ఒంటికే తగుల్తాది శెట్టీ. అద్దాలు మూస్తే ముగ్గురం ఒకరి గాలి ఒకరు తాగాల," అన్నాను. ఆ మాట నాది కాదు. నాదైతే అందులో అంత తెలివి ఉండేది కాదు. అది డాక్టర్ విశాలాక్షమ్మది.

ఆమె ఉండేది నంద్యాలలో, దవాఖానా నడిపింది ఆళ్లగడ్డలో. పొద్దున తీసుకుపోవడం, సాయంత్రం తీసుకురావడం నా పని. నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. బడి కూడా నన్ను ఆపడానికి పెద్దగా కష్టపడలేదు. డాక్టరమ్మ మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. నా జోకులకు పైకి నవ్వేది కాదు గానీ, అద్దంలో చూస్తే పెదవి ఒక పక్కకు లాగి ఉండేది. జీతం మీద అదే నాకు బోనసు. ఆమెకొక అలవాటు ఉండేది. రోగికి ఉన్న జబ్బు పేరు దొరికాక కూడా పరీక్ష కాగితం పక్కన పెట్టేది కాదు. "సరే. ఇంకేముంది?" అని తనను తానే అడిగినట్టు అడిగేది. ఒకసారి కారు స్టార్టు కాలేదు. బ్యాటరీ వైరు ఊడి ఉంది. బిగించి, "దొరికిందమ్మా దొంగ!" అన్నాను. వెనక నుంచి అదే మాట: "ఇంకేముంది?" "ఇంకేముంటాదమ్మా, ఒక బండికి ఒక రోగం. రెండోది ఉంటే నేనే దవాఖానా పెడ్తా," అన్నాను. శిరివెళ్ల చేరేలోపు బానెట్ కింద నుంచి పొగలు వచ్చాయి. బెల్టు తెగింది. ఆమె దిగి, మైలురాయి మీద కూర్చుని, సంచిలోంచి వేయించిన శనగలు తీసి నములుతూ, "ఓబులేసూ, దవాఖానా యాడ పెడ్తాండావ్?" అంది.

కరోనా పెద్ద భయం తగ్గిన తర్వాత ఒక చలికాలంలో ఆ 'ఇంకేముంది' తమాషా కాకుండా పోయింది. మా నాయనకు జ్వరం, దగ్గు. పరీక్ష చేస్తే కరోనా అన్నారు. విచిత్రం ఏమిటంటే, ఆ పేరు వినగానే మా ఇంట్లో అందరికీ ఊరటగా అనిపించింది. ఏందో తెలిసిపోయింది కదా! దవాఖానా వెనక ఒక గది ఉండేది. అందరూ దాన్ని దగ్గు గది అనేవాళ్లు. దగ్గేవాళ్లు అందులోకి, దగ్గనివాళ్లు ముందు వరండాలోకి. కరోనా వచ్చిన మొదట్లో డాక్టరమ్మ పెట్టిన కట్టుబాటది, తర్వాతా అలాగే నడిచింది. గదిలో రెండు మంచాలు. ఒకదాని మీద మా నాయన, రెండోదాని మీద చెన్నయ్య అనే ట్రాక్టరు డ్రైవరు. అతనికీ జ్వరం, దగ్గు. మా నాయనకున్నదే ఇతనికీ అయ్యుంటుందని అతనికి పరీక్ష చేయలేదు. ఇద్దరూ దగ్గుకుంటూనే శనగ పంట గురించి, అల్లుళ్ల గురించి తెగ మాట్లాడుకున్నారు. చెన్నయ్య తేరుకొని ఇంటికి పోయాడు. మా నాయనకూ జ్వరం దిగింది, సంగటి కావాలని అడిగాడు. మా అమ్మ సంగటి చేసి తెచ్చేసరికి ఒళ్లు మళ్లీ కాలిపోతోంది. వేలికి పెట్టిన యంత్రంలో ఆక్సిజన్ అంకె చూస్తుండగానే దిగిపోతోంది.

"కరోనా ఒక్కోసారి తగ్గినట్టే తగ్గి తిరగబడ్తాది," అంది డాక్టరమ్మ. అన్నది గానీ, ఆ మాట మీద ఆమెకే నమ్మకం ఉన్నట్టు లేదు. నాకైతే ఏమీ అర్థం కాలేదు. సంగటి అడిగిన మనిషి ఊపిరి కోసం అడుక్కోవడమేంది? "ఇంకేముందమ్మా?" అన్నాను. తెలిసి అన్న మాట కాదది. ఏడుస్తూ అన్నానా, ఎగతాళిగా అన్నానా అన్నదీ ఈరోజుకీ తేల్చుకోలేను. ఆమె నన్ను చూసింది. తర్వాత ఖాళీగా ఉన్న రెండో మంచం వైపు చూసింది. "చెన్నయ్యకు పరీక్ష చేసినామా?" అని నర్సును అడిగింది. నర్సు లేదన్నట్టు తల ఊపింది. "కారు తియ్ ఓబులేసూ," అంది.

డాక్టరమ్మ వెనక సీట్లో నాయన పక్కన ఆక్సిజన్ సిలిండరు పట్టుకొని కూర్చుంది. నంద్యాల దాకా నేను ఒక్క జోకు వెయ్యలేదు. పెద్దాసుపత్రిలో ముక్కులోంచి నమూనా తీసి మళ్లీ పరీక్ష చేశారు. ఈసారి ఆమె అన్నిటికీ చూడమని పట్టుబట్టింది. కరోనా ఉంది, దానితో పాటు ఫ్లూ కూడా ఉంది. ఫ్లూకు వేరే మాత్రలున్నాయట, అవీ మొదలుపెట్టారు. అటు చెన్నయ్యను పిలిపించి చూస్తే అతనిలో మిగిలి ఉన్నది ఫ్లూ ఒక్కటే. ఆసుపత్రి వరండాలో బల్ల మీద నేనూ డాక్టరమ్మా కూర్చున్నాం.

"ఒకే మనిషిలో రెండు ఎట్లుంటాయమ్మా? ఒకదాన్నొకటి తరుముకోవా?"

"ఒక్కోసారి తరుముకుంటాయి. ఒక్కోసారి రెండూ కలిసి మనిషిని పడేస్తాయి. ఒక్కోసారి రెండున్నా ఏం కాదు."

"మా నాయనకు జరిగింది ఏది?"

"తెల్దు."

"ఇప్పుడీ ఆయాసం దేనిది?"

"అదీ తెల్దు."

"చెన్నయ్య దగ్గర్నుంచే అంటుకున్యాదా?"

"అయ్యుండొచ్చు. ముందే ఉండీ ఉండొచ్చు. కానీ దగ్గులన్నీ ఒకటేనని ఇద్దర్నీ ఒక గదిలో పండబెట్టింది నేను. పేరు దొరికినాది గదాని వెతకడం ఆపింది నేను. తప్పు నాది."

డాక్టరు నోట తెల్దు అన్న మాట వినడం నాకదే మొదలు. తప్పు నాది అన్న మాట సరే సరి. ఆమె మీద అరవాలా, ఆమె చేయి పట్టుకోవాలా తెలియలేదు. నాయనను ఆ గదిలో పెట్టిన చేతులే ఆయన పక్కన సిలిండరు పట్టుకొని వచ్చాయి. ఆరోజు నాలోనూ రెండు ఉన్నాయి, కోపమూ కృతజ్ఞతా. ఏది ఎక్కువో చెప్పే పరీక్ష ఏ ఆసుపత్రిలోనూ లేదు.

నాయన బతికాడు. ముక్కు గొట్టం తీసేసిన రోజు డాక్టరమ్మ మంచం దగ్గర నిలబడి నాకు చెప్పినదంతా ఆయనకూ చెప్పింది. "వచ్చినోళ్లను ఒక గదిలో పండబెట్టడం మన ఇండ్లల్లో మామూలే గదా తల్లీ. కావాలని చేస్తివా?" అన్నాడు నాయన. "కావాలని కాదు నాయనా. కానీ చేసినా," అంది. నాయన కళ్లు మూసుకున్నాడు. క్షమించాడో, అలసిపోయాడో నాకు తెలియదు. తిరిగి దవాఖానా తెరిచిన రోజు ఆమె నాతో రెండో మంచం ఎత్తించి దూరంగా పక్క వరండాలో వేయించి, మధ్య తెర కట్టించింది. అటు వైపు మంచం కోళ్లు ఆమే పట్టుకుంది. "మంచానికి కూడా వేరు కాపురమా అమ్మా?" అన్నాను. పెదవి పక్కకు లాగింది.

నాయన ఇప్పటికీ మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగుతాడు. అది వయసుదా, మొదటి దానిదా, రెండోదానిదా? డాక్టరమ్మను అడిగేవాణ్ణి గానీ, పోయిన వానాకాలంలో గుండె ఆగి ఆమె వెళ్లిపోయింది. అడిగినా ఏమనేదో తెలుసులెండి.

ఈ ఉదయం ఆసుపత్రి గేటు ముందు కారు ఆపుకొని కూర్చున్నాను. చాలాసేపటికి శెట్టిగారు ఒక్కడే బయటికి వచ్చాడు, ముఖం వెలిగిపోతూ. "దొరికిందప్పా! ఫ్లూ అంట. మందులు రాసిస్తాండారు, బండి తిప్పి పెట్టు."

"ఇంకేముంది అని అడిగితివా?"

ఆయన ముఖం మాడిపోయింది. "ఇంకేముండాల? డ్రైవరువి, నీకేం తెల్సప్పా?"

"నాకేం తెల్దు శెట్టీ. అందుకే అడగమంటాండా. పో, అడిగి రా."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఏదో గొణుక్కుంటూ వెనక్కి తిరిగి మళ్లీ లోపలికి పోయాడు. నేను బండి తిప్పలేదు.