బాపు ఫోన్‌లో తెరుచుకున్న పేజీ

మా బాపుకు చదువు రాదని చాలామంది అనుకునేవారు. ఆయనకు అక్షరాలు వచ్చు. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ఒక్కో మాటనూ కూడబలుక్కుని చదువుతాడు. అందుకే గొర్రెల కాపరుల కోసం వెబ్ పేజీ తయారు చేసినప్పుడు, దాన్ని ముందుగా ఎవరు తెరిచి చూడాలన్న అనుమానం నాకు రాలేదు.

అప్పటికి నేను మహబూబ్‌నగర్‌లో ఒక చిన్న ఆఫీసులో రెండేళ్లుగా పని చేస్తున్నాను. మందుల షాపు పైన మూడు గదులు కిరాయికి తీసుకుని నడిపే ఆఫీసు. ఆరుగురం ఉండేవాళ్లం. బడులకు, పెళ్లి మండపాలకు వెబ్‌సైట్లు చేసి ఇచ్చేవాళ్లం. ఆ ఎండాకాలం కాపరుల సంఘం ఒకటి మా సార్‌ను కలిసింది. టీకాల క్యాంపు ఏ రోజు ఏ ఊళ్లో ఉంటుందో, మందల వెంట తిరిగే వాళ్లకు ఫోన్‌లోనే తెలియాలి. అదీ పని.

సార్ నా వైపు తిరిగి, "గిది నీకే ఇస్తున్న. మీ ఇంట్ల మంద ఉంది గదా, నీకు ఎరుక" అన్నాడు.

ఎరుకే. వానలు పడి కొత్త గడ్డి మొలవగానే గొర్రెలకు చిటుకు రోగం వస్తుంది. పొద్దున గంతులు వేసిన పిల్ల మధ్యాహ్నానికి కాళ్లు తన్నుకుంటూ చచ్చిపోతుంది. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక్క వారంలో మా మందలో సగం పిల్లలు పోయాయి. బాపే గుంతలు తవ్వి వాటిని పూడ్చాడు. వానలకు ముందే టీకా పడితే ఆ బాధ ఉండదు.

మొదటి పేజీని రంగులు, కొలతలు ముందే రాసిపెట్టి ఉన్న, అందరూ వాడే పెద్ద స్టైల్ లైబ్రరీతోనే చేశాను. ఈ రోజు క్యాంపు ఉన్న ఊరు ఆకుపచ్చలో, అయిపోయినవి ఎరుపులో కనిపిస్తాయి. ఆఫీసు కంప్యూటర్‌లో కళకళలాడింది. సార్ మెచ్చుకున్నాడు. లింకు ముందుగా బాపుకే పంపాను. వారం తిరక్కుండానే కొల్లాపూర్ వైపు నుంచి బాపు ఫోన్ చేశాడు. ఎండాకాలంలో మా మందలు మేత కోసం కృష్ణా నది ఒడ్డుకు పోతాయి.

"బిడ్డా, నీ పేజీ తెల్లగుంది" అన్నాడు.

"జర ఆగు బాపు, వస్తది."

"ఆగిన. గొర్లు కాలువ దాటి పోయినయి. గది ఇంకా తెల్లగనే ఉంది."

ఆదివారం బస్సెక్కి పోయాను. కోతలైపోయిన చేనులో మంద పడుకుని ఉంది. బాపుతో పాటు ఆయన అన్న, మా పెదనాయిన కూడా ఉన్నాడు. ఇద్దరి మందలూ కలిసే తిరుగుతాయి. బాపు ఫోన్ తీసుకుని పేజీ తెరిచాను. సిగ్నల్ ఒక్క గీతే. చాలాసేపు తెల్లగానే ఉంది. తరువాత రంగులేమీ లేకుండా అక్షరాలు ఒకదాని కింద ఒకటి పడ్డాయి. ఊరి పేరు మీద వేలు పెట్టబోయాను. సరిగ్గా అప్పుడే స్టైల్ వచ్చి చేరింది, పేజీ మొత్తం కిందికి జారింది, నా వేలు వేరే ఊరి మీద పడింది.

రెండు రోజుల ముందు పెదనాయినకు జరిగిందీ అదే. వేరే ఊరి తారీకును తను పోవలసిన ఊరిదనుకుని, మందను తోలుకుని ఎండలో అంత దూరం నడిచి వెళ్లాడు. అక్కడ ఎవరూ లేరు.

"నా ఏలే తప్పు వడ్డది తియ్ బిడ్డా" అన్నాడు నన్ను ఊరడిస్తూ.

తప్పు ఆయన వేలిది కాదు. ఆ మాట ఆయనకు చెప్పాను కూడా. ఆయన నమ్మలేదు. బిడ్డ చదువుకున్నది, తప్పెట్లా చేస్తుందని ఆయన లెక్క. ఆ నమ్మకమే నన్ను ఎక్కువ బాధ పెట్టింది.

సోమవారం ఆఫీసుకు రాగానే పేజీలో ఏది ఎంత బరువుందో చూశాను. ఊళ్ల పేర్లు, తారీకులు కలిపితే గుప్పెడు. వాటిని అందంగా చూపించే స్టైల్ మాత్రం మోపెడు. అందులో నేను వాడినది కొంచెమే, వాడనిది కొండంత. పైగా ఒకే ఆకుపచ్చ రంగును బటన్‌కు ఒకసారి, పెట్టెకు ఒకసారి, శీర్షికకు ఒకసారి నేనే మళ్లీ మళ్లీ రాసి పెట్టాను.

వెతగ్గా వెతగ్గా ఒక చిన్న లైబ్రరీ దొరికింది. స్టైల్‌ను వేరే ఫైలులో కాకుండా పేజీని నడిపే జావాస్క్రిప్ట్ కోడ్‌లోనే రాయాలి. రాసినదాన్ని అది విడగొట్టి, ఒక్కో లక్షణానికి పేరు పెట్టిన ఒక్కో చిన్న నియమం, అంటే క్లాసు, చేస్తుంది. ఆకుపచ్చ రంగు ఒక క్లాసు, ఎడమ పక్కన వదిలే ఖాళీ ఇంకో క్లాసు. ఒకసారి తయారైన క్లాసును మళ్లీ తయారు చేయదు. ఎన్ని చోట్ల అడిగినా ఉన్నదాన్నే ఇస్తుంది. దీన్నే అటామిక్, అంటే అణువంత ముక్కల పద్ధతి అంటారు. అది చదివినప్పుడు నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. లేచి బాల్కనీలోకి పోయి, మళ్లీ వచ్చి చదివాను.

మా ఆఫీసులో నల్లగొండ నుంచి వచ్చిన సీనియర్ ఒకాయన ఉండేవాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయనకు నచ్చలేదు.

"గీ లైబ్రరీ పేరు నేనెన్నడు ఇనలే చెల్లె. రేపేమన్న ఖరాబైతే ఎవల్ని అడుగుతవ్?"

"ఎవల్ని అడగనన్నా. దాని కోడ్ మొత్తం ఒక్క పూటల సదివిన. గంత చిన్నది. ఖరాబైతే నేనే బాగు చేస్త."

ఆఫీసులో ఎవరితోనైనా అలా మాట్లాడడం నాకు అదే మొదటిసారి. సార్ ఇద్దరినీ చూసి, "వారం టైమిస్తున్న. అయితే మంచిదే, కాకుంటే పాతదే ఉంటది" అన్నాడు.

మూడు రోజుల్లో పేజీ మొత్తం తిరగరాశాను. ఇంకో పని కూడా చేశాను. ఆ పేజీకి కావలసిన క్లాసులను మాత్రం, పేజీని ఫోన్లకు పంపే సర్వర్ దగ్గరే ఏరి, పేజీలోనే పెట్టి పంపించాను. అప్పుడు అక్షరాలూ రంగులూ కలిసే వస్తాయి, తరువాత వచ్చి పేజీని కిందికి తోసేది ఏదీ ఉండదు.

గురువారం దెబ్బ తగిలింది. ఊళ్ల జాబితా ఒకసారి సరిగ్గా కనిపిస్తుంది, ఇంకోసారి ఎడమ అంచుకు అతుక్కుపోతుంది. సీనియర్ నా వెనక నిలబడి చూసి, "చెప్పిన గదా" అన్నాడు. టిఫిన్ డబ్బా కూడా తెరవకుండా కూర్చున్నాను.

మధ్యాహ్నం దాటాక అసలు సంగతి పట్టుబడింది. నేను ఒకచోట నాలుగు వైపులా ఇంత ఖాళీ అని ఒకే మాటలో రాశాను. ఇంకోచోట ఎడమ ఖాళీని విడిగా రాశాను. అవి రెండు వేరు వేరు క్లాసులు. ఏ పేజీ ముందు తెరిస్తే దాన్నిబట్టి ఏదో ఒకటి ముందు పుడుతుంది. వెనక పుట్టినదే నెగ్గుతుంది. నాలుగు వైపుల ఖాళీలనూ అన్నిచోట్లా విడివిడిగా రాశాను. జాబితా కుదురుకుంది. పేజీలను ముందుకూ వెనక్కూ ఎలా తిప్పి తెరిచినా కదల్లేదు.

సీనియర్ తన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "మల్ల జర మొదటి నుంచి చెప్పు" అన్నాడు. చెప్పాను. చివరిదాకా విని, "శనివారం నువ్వు కొల్లాపూర్ పోతే నేను గూడ వస్త" అన్నాడు.

ఇద్దరం పోయాం. మంద అదే వైపు, నదికి ఇంకొంచెం దగ్గరగా ఉంది. బాపు ఫోన్‌లో సిగ్నల్ ఎప్పటిలా ఒక్క గీతే. నేను ముట్టుకోలేదు. "నువ్వే తెరువు బాపు" అన్నాను.

ఆయన వేలు ఆనించాడు. పేజీ వచ్చేసింది. రంగులతో, అక్షరాలతో, ఒక్కసారే. బాపు ఫోన్‌ను కొంచెం దూరం పెట్టి చూశాడు, మళ్లీ దగ్గరకు తెచ్చాడు. పెదవులు కదిలాయి.

"గీ పచ్చగున్నది ఇయ్యాల్టిదేనా?"

"అవు బాపు. ఇయ్యాల్టిదే."

"గీ ఊరు ఈడికి దగ్గరనే. గంటల పోతం."

పెదనాయిన తన ఫోన్ తీశాడు. ఊరి పేరు మీద జాగ్రత్తగా వేలు పెట్టాడు. అదే ఊరు తెరుచుకుంది. మళ్లీ వెనక్కి పోయి ఇంకో ఊరు నొక్కాడు. అదీ తెరుచుకుంది. వరసగా అన్ని ఊళ్లూ నొక్కి చూసి, "ఏడికి ఉరుకుతలేదు" అని గట్టిగా నవ్వాడు. సీనియర్ వెనక్కి తిరిగి నదిని చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఆయనా నవ్వుతున్నాడని భుజాలు చెప్పాయి.

రెండు మందలనూ తోలుకుని పోయాం. క్యాంపు అక్కడే ఉంది. నేను చున్నీ నడుముకు బిగించి, ఒక్కో పిల్లనూ పట్టి ఇస్తుంటే డాక్టర్ సూది వేశారు. సీనియర్‌ను ఒక పొట్టేలు కింద పడేసింది. లేచి దుమ్ము దులుపుకుని మళ్లీ పట్టాడు. ఎవరో అడిగితే బాపు తలపాగా సర్దుకుంటూ, "గా ఫోన్ల ఒచ్చేది మా బిడ్డ చేసిందే" అన్నాడు. అడగనివాళ్లకూ చెప్పాడు.

ఆ వానాకాలం మా రెండు మందల్లో ఒక్క పిల్ల కూడా చిటుకు రోగంతో చావలేదు. ఆఫీసులో బడుల పేజీలన్నీ కొత్త పద్ధతిలోకి మార్చమని సార్ నాకూ సీనియర్‌కూ అప్పగించాడు.

వానలు తగ్గాక పెదనాయిన ఆఫీసుకే ఫోన్ చేశాడు. "బిడ్డా, నట్టల మందు ఎప్పుడు తాపాల్నో గూడ అండ్ల పెట్టు" అన్నాడు. గొర్రెల కడుపులో పురుగులు పోవడానికి తాపే మందు అది. ఒక్క పూటలో ఇంకో పేజీ చేర్చాను. కావలసిన రంగులు, ఖాళీలు, అక్షరాల సైజులు అన్నీ ముందే ఉన్న క్లాసుల్లో దొరికాయి. పని ముగించి స్టైల్ బరువు చూస్తే నిన్నెంత ఉందో ఈ రోజూ అంతే ఉంది. సీనియర్‌ను పిలిచి చూపించాను. ఆయన చూసి, అటు గదిలో ఉన్న సార్‌ను కూడా కేకేసి పిలిచాడు.