ఆర్కుట్‌లో పెట్టిన జాకెట్టు

బస్సు పేరెత్తితేనే మెహజబీన్‌కి ఒళ్లు మండిపోయే రోజులొచ్చాయి. చేతిలో నమూనాల సంచీ, ఒంటి మీద బురఖా, నెత్తి మీద ఎండ. ఏలూరు బస్టాండులో గణపవరం బస్సు కోసం నిలబడితే ఇక నిలబడినట్టే. వచ్చినా సీటుండదు. సీటు దొరికిన రోజున కాళ్ల దగ్గర చేపల బుట్ట ఉంటుంది. ఇదీ ఒక బతుకేనా అనుకునేది, అనుకుంటూనే ఎక్కేది. ఎక్కక ఏం చేస్తుంది?

ఆవిడది మగ్గం పని. చెక్క చట్రానికి పట్టుగుడ్డ బిగించి, దాని మీద సూదితో జరీ, పూసలు, రాళ్లు కుట్టడం. ఆ గుడ్డని జాకెట్టుగా కత్తిరించి కుట్టి ఇచ్చేదీ ఆవిడే. తల్లి చాంద్ బీ దగ్గర నేర్చుకుంది. తల్లి తిరిగిన ఇళ్లకే తనూ తిరిగింది. గణపవరం వైపు పెద్ద రైతుల ఇళ్లలో ఆడవాళ్లు పట్నం వచ్చి దర్జీ కొట్టు మెట్లెక్కరు. మగ దర్జీ వాళ్ల లోపలి గదుల్లోకి వెళ్లడు. అందుకని సూదీ, టేపూ పట్టుకుని ఆడమనిషే ఆ ఇళ్లకి వెళ్లాలి. మండవల్లి వైపూ అంతే. కాకపోతే కొల్లేరులో చేపల చెరువుల గట్లు గవర్నమెంటు కొట్టేశాక అటు పెళ్లిళ్ల ఆర్భాటం తగ్గింది. పట్టుచీర కొంటారు గానీ జాకెట్టు దగ్గరికొచ్చేసరికి "అంచుకో వరస వెయ్యమ్మా, చాలు" అంటారు. ఆ ఒక్క వరస కోసం పోనూ రానూ ఒక రోజు.

నలభై దాటాయి. పొద్దస్తమానం చట్రం మీదికి వంగి మెడ నరం లాగేస్తోంది. చూపు తగ్గింది. కూర్చుని చేసే చాకిరీ ఎలాగూ తప్పదు, కనీసం ఈ తిరుగుడైనా తప్పితే చాలనుకుంది. ఒకనాటి సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చి, బురఖా అయినా తియ్యకుండా గోడకి చేరగిలబడి చెప్పేసింది.

"ఇంక నా వల్ల కాదు. కావలసినవాళ్లే మన గుమ్మంలోకి రావాలి. దానికేం చెయ్యాలో మీరే చూడండి."

వినేవాళ్లు ఇద్దరు. భర్త జాహిద్, మోటార్లకి వైండింగ్ చేసే మనిషి. చెల్లెలు షాయిస్తా, పవరుపేటలో కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెబుతుంది.

"లోకల్ కేబుల్లో వేయిద్దాం. సీరియల్ వస్తుంటే కింద పేరూ ఫోను నంబరూ పోతుంటాయి" అన్నాడు జాహిద్.

"సీరియల్ చూసేవాళ్లు కింద చదవరు భాయ్."

"పోనీ ఆటోకి మైకు కట్టిస్తే?"

"పాత సామాన్లు కొనేవాడూ, కొత్త సినిమావాడూ, వాళ్ల వెనకాల మనమూనా? ఆ గోలలో పట్టు జాకెట్టు మాట ఎవరికి వినపడుతుంది?" అని షాయిస్తా అక్క వైపు తిరిగింది. "ఇంటర్నెట్‌లో పెడదాం ఆపా. అందులో కూడా ఏది ఎంచుకోవాలో చూసుకోవాలి. యాహూ గ్రూపులున్నాయి, అక్కడన్నీ రాతలే, బొమ్మ చూసేవాళ్లుండరు. ఫేస్‌బుక్ అని కొత్తదొకటొచ్చింది. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ ఏలూరు వాళ్లని వెతికితే ఒక్కరూ కనపడరు. ఆర్కుట్‌లో పెడదాం. మా సెంటర్‌లో అమ్మాయిలు పాఠం వదిలేసి అందులోనే కూర్చుంటున్నారు. పెళ్లీడు పిల్లలంతా అక్కడే ఉన్నారు."

"కుట్టించేది అమ్మలు కదే."

"డబ్బులిచ్చేది అమ్మలు. డిజైను చెప్పేది పిల్లలు. ఎక్కువ మంది ఎక్కడున్నారని కాదు ఆపా, మనకి కావలసినవాళ్లు ఎక్కడున్నారో చూసుకోవాలి."

ఆ మాట మెహజబీన్‌కి నచ్చింది. అయితే ఒకటి గట్టిగా చెప్పింది. తన మొహం అందులో ఉండకూడదు, ఇంకే ఆడపిల్ల మొహమూ ఉండకూడదు. షాయిస్తా సరేనని ఆర్కుట్‌లో ఒక పేజీ తెరిచి, ఏలూరు మెహజబీన్ మగ్గం వర్క్స్ అని పేరు పెట్టి, మొహం ఉండాల్సిన చోట జరీ పువ్వు పెట్టింది.

పువ్వు దాకా బాగానే ఉంది. జాకెట్లని బల్ల మీద పరిచి తీస్తే మాత్రం ఏ ఫొటో చూసినా ఇస్త్రీకి వేసిన బట్టల్లా జీవం లేనట్టున్నాయి. "మనిషి తొడుక్కుంటేనే పనితనం తెలుస్తుంది" అంది షాయిస్తా. అదే వారం గణపవరంలో అబ్బాయిరాజు గారమ్మాయి సాయిదుర్గకి పెళ్లి జాకెట్టు తొడిగి చూడాల్సి ఉంది. అక్కచెల్లెళ్లిద్దరూ కలిసి బస్సెక్కారు.

ఆ ఇంట్లో మెహజబీన్‌ది పదిహేనేళ్ల చనువు. సాయిదుర్గ చిన్న గౌను దగ్గర్నుంచీ ఆవిడే కుట్టింది. వీధరుగు మీద పేపరు చదువుకునే అబ్బాయిరాజు గారికి తలొంచి నమస్కారం పెట్టి, సరాసరి లోపలి గదికి పోవడం అలవాటు. "ఎండన పడొచ్చావు, ముందు మజ్జిగ తాగు" అనేది ఇంటావిడ వీరరాఘవమ్మ. ఆవిడా, కోడళ్లూ, ఆడపిల్లలూ మంచం చుట్టూ చేరి రంగులు ఎంచుకుంటుంటే మెహజబీన్ బురఖా మడిచి పక్కన పెట్టుకుని, చాప మీద కాళ్లు బార చాపుకునేది. నిజానికి ఆ గదిలో కూర్చున్నంత సేపే ఆవిడకి విశ్రాంతి. ఆ సంగతి ఆవిడెప్పుడూ గమనించుకోలేదు.

ఆ రోజు జాకెట్టు సాయిదుర్గకి అతికినట్టు సరిపోయింది. వీపు నిండా తామర తీగ. షాయిస్తా ఫోను తీసి, "జాకెట్టు ఫొటో తీసుకోమంటారా అమ్మగారూ?" అనడిగింది. వంటింట్లో పనిలో ఉన్న వీరరాఘవమ్మ "తీసుకోమ్మా, దానికేం" అంది. పెళ్లికూతురు జడ ముందుకేసుకుని వెనక్కి తిరిగి నిలబడింది. ఫొటోని మెహజబీన్ మళ్లీ మళ్లీ పరీక్షగా చూసింది. మెడ, వీపు, జాకెట్టు. మొహం నీడ కూడా లేదు. ఆవిడ మనసు కుదుటపడింది.

ఆర్కుట్‌లో పెట్టాక కొన్నాళ్లు హడావిడే హడావిడి. షాయిస్తా రోజూ సాయంత్రం వచ్చి, ఎవరేం రాశారో చదివి వినిపించేది. సగం మంది కుర్రాళ్లు. జాకెట్టుతో వాళ్లకేం పనో గానీ స్నేహం చేస్తారా అని అడిగేవాళ్లు. హైదరాబాదు, బెంగళూరు వాళ్లు ధర అడిగి మాయమయ్యేవాళ్లు. ఆఖరికి తాడేపల్లిగూడెం నుంచి రామలక్ష్మి అనే ఆవిడ నిజంగానే కుట్టించుకుంటానంది. మెహజబీన్ సంబరపడేలోపు ఆవిడ రెండో మాట కూడా రాసింది. మీరు మా ఇంటికొచ్చి కొలతలు తీసుకుంటారు కదా అని. భీమవరం నుంచి రాసినావిడదీ అదే మాట.

"ఎవరూ రారటే మనింటికి?" అంది మెహజబీన్.

"వస్తారు ఆపా, కాస్త ఓపిక పట్టాలి."

ఓపికే ఉంటే ఈ గొడవంతా ఎందుకు?

సాయిదుర్గ పెళ్లయి అత్తవారింటికి వెళ్లిపోయింది. ఆ తరువాత ఒకనాడు ఆ పిల్ల దగ్గర్నుంచి ఫోనొచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడింది. "ఆంటీ, ఆ ఫొటో తీయించెయ్యండి. ఎందుకని అడక్కండి. ఇవాళే తీయించెయ్యండి." షాయిస్తా ఆ సాయంత్రమే తీసేసింది. మెహజబీన్‌కి మాత్రం నిద్ర పట్టలేదు. తెల్లవారి గణపవరం బస్సెక్కింది.

అబ్బాయిరాజు గారు అరుగు మీద లేరు. మెహజబీన్ చెప్పులు విడిచి ఎప్పట్లాగే లోపలికి అడుగెయ్యబోయింది. వీరరాఘవమ్మ ఎదురొచ్చింది. వెనకాల తలుపు దగ్గరగా వేసి, తనే అరుగు మీదకొచ్చి కుర్చీ చూపించింది.

"కూర్చోండి. మజ్జిగ తెప్పిస్తాను."

కూర్చోండి అట. పదిహేనేళ్లలో ఏనాడైనా అలా అందా?

"తప్పైపోయిందండి అమ్మగారూ. కానీ అమ్మాయిగారి మొహం పడలేదండి. నేను ఎన్నిసార్లు చూసుకున్నానో ఆ దేవుడికే తెలుసు. వీపు ఒక్కటేనండి."

"పిల్ల మొహం సంగతి కాదండి. పెళ్లి వీడియోలో దాని మొహం ఊరంతా చూశారు." వీరరాఘవమ్మ గొంతు పెంచలేదు. ఆవిడ కోప్పడితే బాగుండుననిపించింది మెహజబీన్‌కి. "మా గది పడిందండి అందులో. మా అబ్బాయి బాబీ హాస్టల్లో ఫ్రెండు ఎవరో వాళ్ల చెల్లెలి పెళ్లికని కంప్యూటర్లో జాకెట్లు చూస్తుంటే, వీడూ వెనకాల నిలబడి చూశాడంట. నా మంచం, నా బీరువా. చిన్నప్పుడు వాడంటించిన క్రికెట్ స్టిక్కర్లు కూడా బీరువా తలుపుకి అలాగే ఉన్నాయంట. నలుగురు కుర్రాళ్లు చూస్తుంటే వాడు ఇది మా అమ్మ గది అని చెప్పుకోలేకా, అక్కణ్నించి లేవలేకా ఉండిపోయాడంట. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదండి."

మెహజబీన్ ఎరిగిన పరదా ఒంటి మీద ఉండేది. మనిషి బస్సెక్కితే అదీ బస్సెక్కుతుంది, సంతకి వెళితే సంతకి వస్తుంది. మొహం కప్పితే మర్యాద నిలిచినట్టే. ఈ ఇంటి పరదా గదికని, ఆ గుమ్మానికని పదిహేనేళ్లు ఆ గుమ్మం దాటిన మనిషికి తట్టలేదు. ఫొటోలో పిల్ల వెనకాల ఉన్న బీరువా ఆవిడ కంటికి ఆనలేదు. వెళ్లినప్పుడల్లా చూసే బీరువా, దాన్నేం చూస్తుంది?

"మా బావగారు కూడా ఆ గదిలోకొచ్చి ఎరగరండి. మిమ్మల్ని రానిచ్చాం" అంది వీరరాఘవమ్మ. తరువాత ఇంకా మెత్తగా అంది. "పని మానిపించనండి, మీ చేతి పని ఇంకెవరికీ రాదు. మీకూ ఓపిక తగ్గింది కదా. ఇంక ఇంత దూరం రావద్దు. కొలతకి పాత జాకెట్టు పెట్టి, గుడ్డ బాబీ చేత పంపిస్తాం."

మజ్జిగ వచ్చింది. తాగకపోతే బాగుండదని తాగింది. తిరుగు బస్సులో సీటు దొరికింది. ఏలూరు వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే కూర్చుంది.

జాహిద్ అంతా విని, ఓదార్చాలనే అన్నాడు. "పోనీలే. ఇంటికే పంపిస్తామన్నారుగా. నువ్వు కోరుకున్నదీ అదేగా."

నిజమే, మెహజబీన్ కోరుకుంది అదే.

మళ్లీ ఎండలు ముదిరే రోజుల్లో బాబీ వచ్చాడు, చేతిలో కవరుతో. లోపలికి రమ్మంటే గుమ్మం అవతలే నిలబడ్డాడు. నేల చూపులు చూస్తూ మాట్లాడాడు.

"అక్కకి సీమంతమండి. ఏడో నెల. పుట్టింటికి తీసుకొచ్చాం. కొలతకి పాత జాకెట్టు ఇందులో ఉందండి. అమ్మ అదే సరిపోతుందన్నారండి."

"అక్క ఎలా ఉంది నాయనా? ఒళ్లు చేసిందా?"

బాబీ మొహం ఎర్రబడింది. "నాకు తెలీదండి" అని బైకెక్కి వెళ్లిపోయాడు. ఆ పిల్లాణ్ని అడగాల్సిన మాట కాదని ఆవిడకి తరువాత తట్టింది.

కవరులో ఆకుపచ్చ పట్టుగుడ్డ, కింద జాకెట్టు. పెళ్లికి ముందెప్పుడో, పిల్ల పుల్లలా ఉన్నప్పుడు తనే కుట్టింది. ఏడో నెల మనిషికి ఇది ఎక్కడ సరిపోతుంది? ఎంత ఎక్కువ వదలాలి? ఆ గదిలో ఉంటే ఇంత ఆలోచనే అక్కర్లేదు. "చేతులెత్తమ్మా" అని ఒక్కసారి టేపు చుట్టేది, కడుపు మీద చెయ్యేసి నాలుగు మంచి మాటలు చెప్పేది. ఫోను చేసి అడుగుదామని నంబరు నొక్కబోయి, ఎవరు ఎత్తుతారోనని ఆగిపోయింది.

పాత జాకెట్టుని గుడ్డ మీద పరిచి, సుద్దముక్కతో దాని చుట్టూ గీసింది. ఆ గీతకి అవతల కొంచెం వదిలి ఇంకో గీత గీసింది. సరిపోదనిపించి చెరిపి, ఇంకాస్త వదిలింది. కత్తెర చేతిలోకి తీసుకుంది గానీ గుడ్డ మీద పెట్టలేకపోయింది. గౌన్ల నాటి నుంచి చేతుల్లో పెరిగిన పిల్ల ఇప్పుడెంత ఉందో ఆవిడకి తెలియదు.