తెరమూల రాహుకాలం

తిరుపతిలో నాతో గది పంచుకున్న సీనియర్ టీకి వెళ్లాలన్నా ముందు కంప్యూటర్ తెర కుడిమూలకేసి చూసేవాడు. లినక్స్ మీద తనే ప్రోగ్రాం రాసి అక్కడ కూర్చోబెట్టిన చిన్న పెట్టె అది. రాహుకాలమైతే ఎర్రగా, కాకపోతే పచ్చగా ఉంటుంది. అంతకు మించి ఏమీ చేయదు. ఆ మాత్రానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు అతనికి ఇంటర్వ్యూ. ఈ ఉద్యోగం కూడా రాకపోతే సొంతూరు నగరికి పోయి వాళ్ల నాయన మరమగ్గాల దగ్గర కూర్చోవాలి. నాలుగింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని లేచాడు. పెట్టె ఎర్రబడింది. మళ్లీ కూర్చున్నాడు.

"అన్నా, శుక్రవారం రాహుకాలం పన్నెండుకే అయిపోతాది. క్యాలెండర్లో ఉండాది సూడు" అన్నాను.

"క్యాలెండర్లో అచ్చు తప్పు పడొచ్చప్పా. ఇది నేను రాసింది."

అయిదున్నరకు పెట్టె పచ్చబడ్డాక వెళ్లాడు. ఆరున్నరకల్లా తిరిగొచ్చాడు.

"ఏమన్నారన్నా?"

"తాళమేసుకొని పోయినారు."

చొక్కా అయినా విప్పకుండా తన ప్రోగ్రాం తెరిచి వెతికాడు. పెట్టె మన గడియారం కాకుండా గ్రీన్విచ్ సమయం చూస్తోంది. అయిదున్నర గంటల తేడా. గ్రీన్విచ్‌లో ఉద్యోగం వెతుక్కునేవాడికి అది తిరుగులేని సలహా.

ఒక్క వరుస మార్చి మళ్లీ నడిపించాడు.

"ఇప్పుడు సరిగ్గా ఉండాది, సూడప్పా" అన్నాడు.

చూశాను. పచ్చగా ఉంది. నగరికి బయలుదేరడానికి అది మంచి సమయమే.